పచ్చ దీపం వెలిగినా నిండని బ్యాటరీలు: ఒక ఆసుపత్రి బ్యాటరీ కారు కేసు

గోదావరి జిల్లాల్లోని ఒక ఆసుపత్రి ఆవరణలో గేటు నుంచి ఓపీ బ్లాకుకు, అక్కడి నుంచి స్కానింగు విభాగానికి రోగులను చేరవేసే బ్యాటరీ కార్లు రెండు ఉన్నాయి. ఒక్కో కారు సీట్ల కింద 6 వోల్టుల డీప్ సైకిల్ బ్యాటరీలు (రోజూ చాలావరకు ఖాళీ చేసి మళ్ళీ నింపడానికి తగిన రకం) 8 వరుసగా కలిపి ఉంటాయి. అన్నీ డిస్టిల్డ్ వాటర్ పోసే రకం, ఒక్కోటి 20 గంటల లెక్కన 225 ఆంపియర్ అవర్లది (ఆంపియర్ అవర్ అంటే ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇచ్చే చార్జి). అంటే కారుకు మొత్తం 24 సెల్లులు, 48 వోల్టులు. మొదటి కారు ఉదయం నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుంది. రెండో కారును రద్దీ ఉన్న రోజుల్లోనే బయటికి తీస్తారు. మొదటి కారు బ్యాటరీలు 14 నెలలకే పనికిరాకుండా పోయినప్పుడు నన్ను పిలిచారు. జనవరిలో కొత్త సెట్టు, దానితోపాటు ఒక స్మార్ట్ చార్జర్ నేనే అమర్చాను. ఏప్రిల్ మూడో వారానికి అదే ఫిర్యాదు మళ్ళీ వచ్చింది. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ రెండో ఫిర్యాదు గురించే. దానికి కారణం నేను చేసిన అమరికలోనే దొరికింది కనుక, ఇదే పనిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ముందుగా పాత చార్జర్ సంగతి చెప్పాలి. అది ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ముందువైపు తిప్పే టైమరు ఉన్న బరువైన పెట్టె. రాత్రి 9 గంటలకు కాపలాదారు రెండు కార్లకూ ప్లగ్గులు పెట్టి, రెండు టైమర్లనూ 9 గంటల గుర్తు దగ్గరికి తిప్పి వెళ్ళేవాడు. ఆ రోజు ఏ కారు ఎంత తిరిగిందన్నది ఆ టైమరుకు తెలియదు. 40 కిలోమీటర్లు తిరిగి వంద ఆంపియర్ అవర్లు ఖర్చు చేసిన కారుకూ, నాలుగు చుట్లు తిరిగి ఆగిన కారుకూ అవే 9 గంటలు. పైగా అది స్ప్రింగుతో నడిచే టైమరు. మధ్యరాత్రి గంటన్నర కరెంటు పోయినా అది మాత్రం ఆగకుండా తిరిగిపోతుంది, కరెంటు తిరిగి వచ్చాక ఆ గంటన్నర చార్జింగు లెక్కలోకి రాదు. నీళ్ళు పోసే లెడ్ ఆసిడ్ బ్యాటరీ నుంచి ఎన్ని ఆంపియర్ అవర్లు తీసుకున్నామో దానికి 110 నుంచి 115 శాతం దాకా తిరిగి పెడితే తప్ప అది నిండదు. మొదటి కారుకు వారంలో సగం రోజులు ఆ మేరకు అందలేదు.

రెండో కారు బాధ దీనికి తలకిందులు. నిండిన సెల్లులోకి ఇంకా తోసే ప్రతి ఆంపియర్ అవరూ నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికే పోతుంది. సెల్లుకు ఆంపియర్ అవర్‌కు 0.336 గ్రాముల నీరు ఆ విధంగా ఖర్చవుతుంది. 24 సెల్లులకు 8 గ్రాములు. రాత్రికి 40 ఆంపియర్ అవర్లు అదనంగా ఎక్కితే 320 గ్రాములు, నెలకు దాదాపు 10 లీటర్లు. "ఈ కారు తిరిగేది తక్కువే గానీ నీళ్ళు మాత్రం దీనికే ఎక్కువ పోయాలండి" అని డ్రైవరు మొదటి రోజే చెప్పాడు. స్టోర్సు రిజిస్టరులో క్యాన్ల లెక్క చూస్తే అతని మాట సరిగ్గా సరిపోయింది. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిన రోజుల్లో తాగునీటి క్యానులోంచి పోశామని కూడా అతనే దాపరికం లేకుండా చెప్పాడు. తాగునీటిలో ఉండే ఇనుము వల్ల సెల్లు ఊరకనే కూర్చున్నా చార్జి కారిపోతుంది, క్లోరైడు వల్ల పాజిటివ్ ప్లేటు తినివేయబడుతుంది. అందుకే ఆ క్యాను ఆ రోజే షెడ్డు నుంచి బయటికి పోయింది.

పాత సెట్టును కాపాడే ప్రయత్నం చేశాను గానీ ఫలితం లేకపోయింది. 20 గంటలు చార్జి చేసినా సగం సెల్లుల్లో గ్రావిటీ (ఆసిడ్ నీటికంటే ఎన్ని రెట్లు చిక్కనో చెప్పే అంకె, చార్జి ఎక్కేకొద్దీ పెరుగుతుంది) 1.190 దాటలేదు. మూత తీసి టార్చి వేసి చూస్తే నెగటివ్ ప్లేట్ల అంచుల మీద బూడిద రంగుకు బదులు తెల్లని పూత కనిపించింది. బ్యాటరీ వాడుతున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడడం సహజమే. వెంటనే పూర్తిగా చార్జి చేస్తే అది తిరిగి కరిగిపోతుంది. 1859లో గాస్టన్ ప్లాంటే తొలి సీసపు బ్యాటరీ తయారుచేసినప్పటి నుంచి ఈ రసాయన చర్య మారలేదు. అయితే సగం చార్జిలోనే వారాల తరబడి ఉంచితే ఆ సల్ఫేటు పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, మామూలు చార్జింగుకు లొంగదు. ప్లేటులో ఆ మేర పనికిరాని స్థలంగా మిగిలిపోతుంది. ఆ స్థితికి వచ్చిన బ్యాటరీని పల్సులతో బతికిస్తామని చెప్పే పరికరాలు మార్కెట్లో ఉన్నాయి. నా చేతుల మీదుగా అలా పూర్తిగా కోలుకున్న సెట్టు ఒక్కటి కూడా లేదు కనుక, లక్ష రూపాయలు దాటే కొత్త సెట్టు ఖర్చు తప్పదని ఆసుపత్రి వారికి స్పష్టంగా చెప్పాను.

కొత్తగా పెట్టిన చార్జర్ 48 వోల్టులు, 25 ఆంపియర్లది. బ్యాటరీ సామర్థ్యంలో 10 నుంచి 13 శాతం కరెంటు ఈ రకానికి తగిన మోతాదు. 225కి 25 అంటే 11 శాతం. ఇరుకు మూతి బిందెను కుళాయి కింద పెట్టినప్పుడు మొదట ధార పెద్దగా వదిలి, మెడ దాకా వచ్చాక సన్నగా తిప్పి, నిండాక ఆపుతాం కదా, స్మార్ట్ చార్జర్ చేసే పని కూడా ఆ వరుసలోనే సాగుతుంది. మొదటి దశలో పూర్తి 25 ఆంపియర్లు పంపుతుంది, సెల్లు వోల్టేజి క్రమంగా పెరుగుతుంది. సెల్లుకు 2.45 వోల్టులు, అంటే మొత్తానికి 58.8 వోల్టులు చేరగానే వోల్టేజిని అక్కడే పట్టి ఉంచుతుంది, అప్పటి నుంచి కరెంటు దానంతట అదే తగ్గుతూ వస్తుంది. నింపవలసిన చార్జిలో మొదటి 80 శాతం మూడు నాలుగు గంటల్లో ఎక్కితే, మిగిలిన 20 శాతానికి మరో మూడు నాలుగు గంటలు పడుతుంది. ప్లేట్ల లోతుల్లోని సల్ఫేటు కరిగేదీ, సెల్లులో బుడగలు లేచి ఆసిడ్ కలిసేదీ ఈ రెండో దశలోనే. కరెంటు 5 ఆంపియర్ల కంటే తగ్గినప్పుడు ఈ చార్జర్ పని పూర్తయిందని భావించి పచ్చ దీపం వెలిగించి, సెల్లుకు 2.25 వోల్టుల నిర్వహణ వోల్టేజికి దిగుతుంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. చార్జర్‌కు తెలిసేవి వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత మాత్రమే. ఆసిడ్ గ్రావిటీ దానికి కనిపించదు. బ్యాటరీ నిండిందన్నది అది చూసి చెప్పే మాట కాదు, ఆ మూడు అంకెల నుంచి ఊహించి చెప్పే మాట. వాటిలో ఒకటి తప్పుగా అందితే ఊహ కూడా తప్పుతుంది. చార్జర్ లోపల బ్యాటరీ రకాన్ని ఎంచుకునే చిన్న స్విచ్చులు ఉంటాయి. జెల్ రకానికి పెట్టి నీళ్ళు పోసే బ్యాటరీకి కలిపితే వోల్టేజి తక్కువై ఎప్పటికీ నిండదు. ఈ పొరపాటు నేను చాలా చోట్ల చూశాను కనుక ఆ స్విచ్చులు రెండుసార్లు సరిచూశాను. తప్పు జరిగింది మూడో అంకె దగ్గర.

చార్జర్‌తోపాటు రెండు మీటర్ల వైరు చివర ఒక ఉష్ణోగ్రత సెన్సారు వస్తుంది. బ్యాటరీ వేడెక్కితే అదే వోల్టేజికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. అందుకని 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకీ సెల్లుకు 5 మిల్లీవోల్టుల చొప్పున చార్జర్ వోల్టేజిని తగ్గిస్తుంది, చలిలో అంతే పెంచుతుంది. 24 సెల్లుల మీద డిగ్రీకి 0.12 వోల్టు. ఆ సెన్సారును బ్యాటరీ టెర్మినల్‌కు బిగించాలని సూచనల పుస్తకంలో ఉంది. కానీ కారు రోజూ బయటికి వెళ్తుంది, చార్జర్ గోడకు ఉంటుంది; రోజూ ఆ వైరును విప్పి కట్టడం డ్రైవర్లతో జరిగే పని కాదని, బ్యాటరీలూ షెడ్డూ ఒకే గాలిలో ఉంటాయి కదా అని, సెన్సారును చార్జర్ పక్కనే క్లాంపుకు టై వేసి వదిలేశాను. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గ్రావిటీ అన్ని సెల్లుల్లో 1.270కి అటూ ఇటూ వచ్చింది. నాకు అనుమానం కలగలేదు.

మార్చిలో రెండు మార్పులు జరిగాయి. ఎండలు ముదిరాయి. ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని ఆసుపత్రి మెయింటెనెన్సు వారు చార్జర్ చుట్టూ తాళం వేసే ఇనుప పెట్టె చేయించి బిగించారు. గాలి ఆడడానికి పక్కన నాలుగు సన్నటి చీలికలు పెట్టారు. సెన్సారు ఆ పెట్టె లోపలే, ఫ్యాను వేడిగాలి వదిలే వైపు ఉండిపోయింది.

ఏప్రిల్‌లో డ్రైవరు ఫోను చేసి, "సాయంత్రం నాలుగయ్యేసరికి ర్యాంపు ఎక్కలేకపోతోందండి, రోగులను దింపి నెట్టాల్సి వస్తోంది" అన్నాడు. స్కానింగు విభాగానికి వెళ్ళే ర్యాంపు మీద మోటారు లాగే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది కనుక, చార్జి తక్కువగా ఉన్న బ్యాటరీ అక్కడే బయటపడుతుంది. కాపలాదారు మాత్రం చార్జర్ ఇప్పుడు ఇంకా బాగా పనిచేస్తోందన్నాడు. చలికాలంలో తెల్లవారుజామున 4 గంటలకు వెలిగే పచ్చ దీపం ఇప్పుడు అర్ధరాత్రి దాటగానే వెలుగుతోందట. ఆ ఒక్క మాటతో నాకు విషయం సగం అర్థమైంది. ఖాళీ అయింది అంతే ఉన్నప్పుడు నిండే సమయం సగానికి తగ్గిందంటే, అది నిండకుండానే ఆగుతోందని అర్థం.

ఆ రాత్రి షెడ్డులోనే ఉన్నాను. రేకుల షెడ్డు, కరెంటు బల్బు ఒకటి, దాని చుట్టూ పురుగులు. 9 గంటలకు ప్లగ్గు పెట్టి, మీటరు చార్జర్ అవుట్‌పుట్ మీద, క్లాంప్ మీటరు వైరు మీద ఉంచి పావుగంటకొకసారి నోటుబుక్కులో రాసుకున్నాను. 25 ఆంపియర్లు రెండున్నర గంటల లోపే తగ్గడం మొదలైంది. 11 గంటల 45 నిమిషాలకు వోల్టేజి 54.8 దగ్గర స్థిరంగా నిలిచి ఉంది, కరెంటు 9 ఆంపియర్లకు పడింది. ఒక సెల్లు మూత తీసి చెవి దగ్గర పెట్టుకుంటే బుడగల చప్పుడే లేదు. ఆ గంటకు అన్నం ఉడికే కుండలా సన్నగా సలసలమనాలి. థర్మామీటరు ఆసిడ్‌లో ముంచితే 38 డిగ్రీలు. 38 డిగ్రీలకు ఉండవలసిన వోల్టేజి 58.8 నుంచి 13 డిగ్రీలకు 1.56 తగ్గించి 57.2 వోల్టులు. చార్జర్ ఇస్తున్నది దానికంటే 2.4 వోల్టులు తక్కువ. 2.4 ను 0.12 తో భాగిస్తే 20 డిగ్రీలు. అంటే చార్జర్ బ్యాటరీలు 58 డిగ్రీల వేడిలో ఉన్నాయని నమ్ముతోంది.

పెట్టె తాళం తీయించి థర్మామీటరు సెన్సారు పక్కన పెట్టాను. 57 డిగ్రీలు దాటింది. సెన్సారు వైరు ఊడదీసి ఓములు కొలిస్తే, 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓములు ఉండవలసిన థర్మిస్టరు (సెన్సారు లోపల ఉండే, వేడెక్కేకొద్దీ ఓములు తగ్గే భాగం) సుమారు 3 వేలు చూపింది. సెన్సారు నిజమే చెబుతోంది, కాకపోతే అది చెబుతున్నది చార్జర్ ఊపిరి వేడి. 1,400 వాట్లకు పైగా అవుట్‌పుట్ ఇచ్చే యంత్రం లోపల నష్టపోయే 200 వాట్ల దాకా వేడి ఆ ఇనుప పెట్టెలోనే తిరుగుతూ ఉంది. తక్కువ వోల్టేజి దగ్గర పట్టి ఉంచడం వల్ల కరెంటు తొందరగా పడిపోయింది, 5 ఆంపియర్ల గీత త్వరగా దాటింది, పచ్చ దీపం త్వరగా వెలిగింది. చార్జర్ తన లెక్క ప్రకారం ఒక్క తప్పు కూడా చేయలేదు.

తెల్లవారి గ్రావిటీ తీశాను. ఈ పని తొందరపడితే తప్పుడు అంకెలు వస్తాయి కనుక ఎలా తీశానో చెబుతాను. చార్జింగు ఆగి మూడు గంటలు దాటనిచ్చాను. హైడ్రోమీటరు రబ్బరు బల్బును రెండు మూడుసార్లు నొక్కి వదిలి ఆసిడ్‌తో తడిపాక, నాలుగోసారి పీల్చిన ఆసిడ్‌లో హైడ్రోమీటరు లోపలి తేలే భాగం గాజుగొట్టం గోడలకు అంటకుండా నిటారుగా తేలుతున్నప్పుడు, కంటిని ద్రవమట్టానికి సమంగా దించి చదివాను. పీల్చిన ఆసిడ్ తిరిగి అదే సెల్లులోకి. 27 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకీ 0.0007 కలపాలి. ఆ ఉదయం ఆసిడ్ 34 డిగ్రీలు ఉంది కనుక ప్రతి అంకెకూ 0.005 కలిపాను. 24 సెల్లుల్లో 23 సెల్లులు 1.205కూ 1.225కూ మధ్య ఉన్నాయి, ఆరో బ్యాటరీ నడిమి సెల్లు 1.180 దగ్గర ఉంది. ఈ బ్యాటరీకి నిండు గ్రావిటీ 1.275 చుట్టూ కాబట్టి, పచ్చ దీపం వెలిగిన తరువాత కూడా సెట్టు 70 శాతం దగ్గరే ఉన్నట్టు. గ్రావిటీకి 0.84 కలిపితే సెల్లు విశ్రాంతి వోల్టేజి వస్తుందన్న పాత సూత్రంతో సరిచూస్తే 49.3 వోల్టులు రావాలి. మీటరు 49.4 చూపింది. రెండు కొలతలూ ఒకే మాట చెప్పినప్పుడే నేను ముందుకు వెళ్తాను.

రోజూ 70 శాతం నుంచి మొదలై సాయంత్రానికి పాతిక శాతం దగ్గరకు దిగుతున్న సెట్టు అది. పైగా బుడగలు లేవనంత కాలం బరువైన ఆసిడ్ అడుగున, పలుచనిది పైన తేరుకుంటుంది. ప్లేటు అడుగు భాగం ఒక రకంగా, పై భాగం ఒక రకంగా పనిచేసి, అడుగునే సల్ఫేటు గట్టిపడడం మొదలవుతుంది. కారు కదులుతుంది కదా, ఆసిడ్ అదే కలుస్తుంది అనుకుంటాం గానీ, నున్నని సిమెంటు దారి మీద 10 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారుకు ఆ మాత్రం కుదుపు చాలదు.

సరిచేయడంలో మొదటి పని సెన్సారును బ్యాటరీ దగ్గరికి చేర్చడం. రోజూ విప్పి కట్టే బెడద లేకుండా చార్జింగు ప్లగ్గునే మార్చాను. పెద్ద కరెంటు పిన్నులు రెండింటితోపాటు సన్నటి సిగ్నలు పిన్నులు రెండు ఉన్న ప్లగ్గు తెప్పించి, సెన్సారును కారులోనే ఉంచి, దాని వైర్లను ఆ సన్నటి పిన్నులకు ఇచ్చాను. ప్లగ్గు పెట్టగానే సెన్సారు దానంతట అదే చార్జర్‌కు కలుస్తుంది. సెన్సారు లగ్గును ఎనిమిది బ్యాటరీల్లో మధ్యనున్న నాలుగో దాని నెగటివ్ టెర్మినల్‌కు బిగించాను. నాలుగువైపులా వేరే బ్యాటరీలు కమ్ముకుని ఉన్నందున వేడి ఎక్కువగా నిలిచేది అక్కడే, కాపాడుకోవలసింది కూడా దానినే. ఇనుప పెట్టెకు కింద ఒకటి, పైన ఒకటి పెద్ద జాలీలు కోయించాము. ఎలుకల బాధ తీరడానికి జాలీ చాలు.

ఇదే సందర్భంలో చార్జింగు కేబులు కూడా కొలిచాను. 6 మీటర్ల పొడవు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. రాను పోను 12 మీటర్లు, మీటరుకు దాదాపు 4.6 మిల్లీ ఓములు. 25 ఆంపియర్ల దగ్గర 1.4 వోల్టులు వైరులోనే పోతాయి. కరెంటు తగ్గాక ఈ నష్టం కూడా తగ్గుతుంది కనుక ఇది పెద్ద దోషం కాదు, కానీ చార్జర్ మొదటి దశ నుంచి ముందే తప్పుకుంటుంది, రాత్రి సమయం వృథా అవుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేయించాము.

రెండో పని ఈక్వలైజింగు, అంటే వెనకబడిన సెల్లులు కూడా మిగతావాటితో సమంగా నిండేలా కావాలనే ఎక్కువ వోల్టేజితో చేసే చార్జింగు. ముందు ఒక రాత్రి సరైన వోల్టేజితో మామూలు చార్జింగు పూర్తికానిచ్చాను. తరువాతి ఉదయం 6 గంటలకు, చల్లగా ఉన్నప్పుడు, చార్జర్‌లోని ఈక్వలైజ్ బటనుతో సెల్లుకు 2.58 వోల్టులు, 25 డిగ్రీల లెక్కన మొత్తం 61.9 వోల్టులు పెట్టాను. సీట్లన్నీ ఎత్తి, షెడ్డు తలుపులు రెండూ తీయించి, పరిసరాల్లో బీడీ, సిగరెట్టు లేకుండా చూశాను. బుడగలుగా లేచే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. 4 ఆంపియర్ల మీద 24 సెల్లులు గంటకు 40 లీటర్లకు పైగా హైడ్రోజన్ వదులుతాయి. అది గాలికంటే తేలిక కనుక రేకుల కిందకు చేరుతుంది. కప్పు అంచున ఖాళీ లేని గదిలో ఈ పని చేయకూడదు. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు, పక్కన వంటసోడా కలిపిన నీళ్ళ బకెట్టు తప్పనిసరి. సహాయానికి వచ్చిన కుర్రవాడి చేతికి ఉక్కు కడియం ఉంటే తీయించి జేబులో పెట్టించాను. స్పానరూ కడియమూ రెండు టెర్మినళ్ళ మధ్య కలిస్తే మాంసం కాలిపోతుంది.

గంటకొకసారి గ్రావిటీ, ఆసిడ్ వేడి రాసుకున్నాను. 33 డిగ్రీల దగ్గర మొదలై నాలుగు గంటలకు 43కు చేరింది. 50 దాటితే ఆపేసి చల్లారాక కొనసాగించాలన్నది నా నియమం. ఆ అవసరం రాలేదు. మూడు వరుస కొలతల్లో గ్రావిటీ పెరగకపోతే ఇక పెరగవలసింది లేదని అర్థం. 11 గంటలకు ఆ స్థితి వచ్చింది. 23 సెల్లులు 1.260కూ 1.272కూ మధ్యకు వచ్చాయి. ఆరో బ్యాటరీ నడిమి సెల్లు 1.238 దగ్గర ఆగింది.

నీళ్ళు పోసింది అప్పుడే, అంతకుముందు కాదు. చార్జి చేయకముందు గొంతు దాకా నీళ్ళు పోసేవారు చాలామంది. చార్జింగులో ఆసిడ్ వ్యాకోచించి, బుడగలతో పొంగి మూతల్లోంచి కారుతుంది. కారినది నీరు కాదు, ఆసిడ్; ఆ సెల్లు గ్రావిటీ ఇక ఎప్పటికీ తక్కువగానే చూపుతుంది. చార్జి చేయకముందు ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగే మేరకు మాత్రమే పోసి, మిగిలింది నిండాక పోయాలి. రెండో కారు టెర్మినళ్ళ చుట్టూ నీలిపచ్చ తుప్పు, ట్రే కింద రంగు పోయిన ఇనుము చూస్తే అక్కడ ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

సామర్థ్యం నిజంగా ఎంత తిరిగి వచ్చిందో గ్రావిటీ ఒక్కటే చెప్పదు కనుక, 75 ఆంపియర్ల లోడు పెట్టెతో మొత్తం వోల్టేజి 42కు, అంటే సెల్లుకు 1.75కు పడేదాకా సమయం తీశాను. ఈ పరిమాణపు కొత్త బ్యాటరీ నుంచి ఆ లోడు మీద 115 నిమిషాల దాకా ఆశించవచ్చు. ఫిర్యాదు వచ్చిన వారంలో 66 నిమిషాలకే 42 తాకింది. ఈక్వలైజింగు తరువాత 94 నిమిషాలు వచ్చింది. ఆరు వారాల తరువాత, మధ్యలో నెలకొకసారి ఈక్వలైజింగు జరిగాక, 101 నిమిషాలు. డీప్ సైకిల్ బ్యాటరీ మందపు ప్లేట్లు కొన్నిసార్లు ఖాళీ అయి నిండిన తరువాతే పూర్తి సామర్థ్యానికి వస్తాయి, కనుక ఈ పెరుగుదలలో కొంత భాగం సహజంగా రావలసినదే అని నా అభిప్రాయం. రెండున్నర నెలల లోపే పట్టుకోగలిగాము కాబట్టి తిరిగి వచ్చింది. పాత సెట్టులాగా ఏడాది దాటి ఉంటే ఆ 28 నిమిషాలు మళ్ళీ కనిపించేవి కావు.

అంతా సర్దుకున్నాక కూడా మరో లోపం బయటపడింది. మధ్యాహ్న భోజనం వేళ డ్రైవర్లు ముప్పావు గంట ప్లగ్గు పెట్టి తీస్తున్నారు. అందులో హాని లేదు, కానీ అది రాత్రి చార్జింగుకు ప్రత్యామ్నాయం కాదని, రాత్రి పెట్టిన ప్లగ్గును దీపం పచ్చగా మారేదాకా ఎవరూ తీయకూడదని చెప్పాను. అత్యవసరంగా రోగి వచ్చాడని తెల్లవారుజామున 3 గంటలకు మొదటి కారు తీసిన రోజులు నెలలో ఐదారు తేలాయి. ఆ వేళకు రెండో కారునే వాడేలా తాళాల బోర్డు మార్చారు. రెండో కారుకు కూడా అదే రకం చార్జర్ పెట్టాక దానికి పోసే నీళ్ళు నెలకు 2 లీటర్ల లోపుకు వచ్చాయి.

స్మార్ట్ చార్జర్ పెట్టుకుంటున్న వారు చాలామంది ఇక హైడ్రోమీటరుతో పనిలేదనుకుంటారు. ఈ కేసు తరువాత నేను ఏ చార్జర్ పెట్టినా మూడు పనులు మానడం లేదు. అమర్చిన రోజు రాత్రి వోల్టేజి స్థిరపడిన వేళకు స్వయంగా కొలిచి, ఆసిడ్ వేడితో లెక్క కట్టి సరిపోల్చుతాను. పచ్చ దీపం ఏ గంటకు వెలిగిందో కాపలాదారు చేత గోడ మీది క్యాలెండరులో రాయిస్తాను. ఆ గంట ముందుకో వెనక్కో గంటన్నరకు మించి జరిగితే నాకు ఫోను చేయమంటాను. నెలకొకసారి 24 సెల్లుల గ్రావిటీ తీయిస్తాను, ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి. ఆసుపత్రి ఎలక్ట్రీషియను ఇప్పుడు ఆ పని నాకంటే ఓపికగా చేస్తున్నాడు. అంకెలన్నీ వరుస తప్పకుండా, ఏ సెల్లుకు ఎంత వేడి సవరణ కలిపాడో కూడా రాస్తాడు.

ఆరో బ్యాటరీ విషయం అలా వదిలేయలేదు. నడిమి సెల్లు ప్రతి ఈక్వలైజింగులోనూ మిగతా వాటికంటే 0.030 వెనకబడే ఉంటోంది. సెప్టెంబరులో లోడు పరీక్షలో ఆ బ్యాటరీ ఒక్కటే 5.25 వోల్టుల కిందకు 12 నిమిషాలు ముందుగా పడిపోయింది. పాత సెట్టు మధ్యలో కొత్త బ్యాటరీ కలిపితే రెండింటి సామర్థ్యాలూ కలవవు కనుక, ఈ సెట్టు కొన్న నెలలోనే కొన్న రెండో కారు విడి బ్యాటరీని తెచ్చి దాని స్థానంలో పెట్టాను. ఆరో బ్యాటరీని విడిగా 6 వోల్టుల చార్జర్ మీద, 4 ఆంపియర్లతో నెమ్మదిగా మూడు రోజులు ఉంచాము. నడిమి సెల్లు 1.250 దాకా వచ్చింది, విశ్రాంతిలో వారం ఉంచితే 1.225కు జారింది. లోపల ప్లేట్ల మధ్య సన్నటి షార్టు ఏర్పడిందని నా అనుమానం. దానిని ఆసుపత్రి జనరేటరు గదిలో అత్యవసర బల్బు వెలిగించడానికి ఉంచారు. మొదటి కారు తాజా కొలతలో 24 సెల్లులూ 1.258కూ 1.272కూ మధ్య ఉన్నాయి, పచ్చ దీపం 4 గంటల 10 నిమిషాలకు వెలిగింది.